భావిప్రవాసము: ప్రయాణసన్నాహ వర్ణనములపై నొక విమర్శ

విప్రలంభశృంగారమును విభజించునపు డాలంకారికులు ప్రవాసమున కొక ప్రత్యేకస్థానము నిచ్చిరి. ధనంజయుఁడు దశరూపకమునఁ బ్రవాసమునకుఁ గార్యము, సంభ్రమము, శాపము అని మూఁడు హేతువులను జెప్పి, అందుఁ గార్యహేతుకమైన దానిని మరల భావి, భవత్, భూతములని కాలభేదముచే మూఁడు విధములుగాఁ బరిగణించెను. కార్యార్థమై పోవువాఁడు తెలిసియే పోవును గాన, పోకకు ముందటి కాలము, పోవుచుండు కాలము, పోయిన పిదపటి కాలము అను మూఁడు దశ లతనికిఁ గలుగును. ఈ విభాగము చిన్నదిగాఁ దోఁచినను లోకజ్ఞానము గలది. శాపమునకు సన్నాహము లేదు. సంభ్రమమున సన్నాహమునకుఁ దీఱిక లేదు. కార్యమునకు మాత్రమే సన్నాహము గలదు.

భరతముని చెప్పిన యష్టవిధనాయికలలోఁ బ్రోషితభర్తృక యొకతె. భానుదత్తుఁడు రసమంజరిలో నీ యెనిమిదింటికిఁ దోడు ప్రవత్స్యత్పతిక యను తొమ్మిదవ నాయికను జేర్చెను. పదనిర్మాణమును బట్టి చూచినచో నీ రెండు పేళ్ల భేదము స్పష్టము. ప్రోషితశబ్దమున భూతార్థకమైన క్తప్రత్యయము గలదు. ప్రవత్స్యచ్ఛబ్దమున భవిష్యదర్థకమైన లృట్టునకు వచ్చు శతృప్రత్యయము గలదు. ధాతువు చివరి సకారము తకారమైనదియు నందులకే. మొదటిది పోయినవాని భార్య. రెండవది పోఁబోవువాని భార్య. వ్యాకరణము చూపిన యీ సూక్ష్మభేదమును రసశాస్త్రము చక్కఁగా వినియోగించుకొన్నది. కాని యీ రెండు పేళ్లును నింట నుండునామెవే. పోఁబోవువానికిఁ బ్రత్యేకమైన పేరు లేదు. అతఁడు పయనమునకు ముం దేమి తెలిసికొనెను, ఏమి తెలిసికొనకపోయెను, ఎవ్వ రతనికేమి చెప్పిరి, ఏమి దాఁచిరి అను విచారము లక్షణగ్రంథములలోఁ గానరాదు. లక్షణకారులు విడిచిన యీ విషయమును లక్ష్యగ్రంథములు విడువలేదు. కావ్యములను సన్నాహదృష్టితోఁ జదివినచోఁ బయనమగువానికి ముఖ్యముగాఁ దెలియవలసిన మూఁడు సంగతులు వానిలోనే కనఁబడును.

ఈ ప్రశ్న కేవలము శాస్త్రచర్చకై పుట్టినది కాదు. హైదరాబాదునకు దక్షిణమున శంషాబాదు చెంత మామిడిపల్లి యను గ్రామము గలదు. 2008 మార్చి 23వ తేదీనుండి విమానములు తిరుగుచున్న రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయపు భూములలోఁ గొంతభాగ మీ గ్రామపు సర్వే నంబరులలోనిదే. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతములనుండి గల్ఫుదేశములకుఁ బోవు తాపీపనివారు, డ్రైవర్లు, కూలీలును, అమెరికాకుఁ బోవు విద్యార్థులు, ఇంజనీర్లును నిచ్చట నొకే గాజుద్వారముచెంత నిలుతురు. టికెట్టు లేనివారికి లోపలఁ బ్రవేశము లేదు గాన బంధువుల వీడ్కోలు ద్వారమువద్దనే ముగియును. ప్రియజనులను నీటియొడ్డుదాఁక సాగనంపవలెనను పూర్వాచారము శాకుంతలమున వినఁబడును. నేఁ డా నీటియొడ్డు ఈ గాజుద్వారమైనది.

ద్వార మొక్కటియే, పేళ్లు మాత్రము రెండు. అమెరికాకుఁ బోయినవానిని లోకము ప్రవాసాంధ్రుఁ డనును; దుబాయికిఁ బోయినవానిని వలసకూలి యనును. ప్రవాసశబ్దము ప్రపూర్వకమైన వసధాతువువలన నేర్పడినది; ఇల్లు ఇల్లుగనే యుండఁగా మఱియొకచోట వసించుట దాని యర్థము. వలస దేశ్యము, కఱవునకో దండునకో జడిసి కుటుంబముతో నూరు విడిచి తరలుట దాని పూర్వవ్యవహారము. ఈ యర్థములను బట్టి చూచినచో లోకవ్యవహారము తలక్రిందైన దని తోఁపక మానదు. గల్ఫుదేశములకుఁ బోవు కూలివాఁడు సాధారణముగా నొంటరిగాఁ బోవును, ఆలుబిడ్డల నూరనే యుంచును, సొమ్ము పంపును, ఆ దేశములు వానికిఁ బౌరసత్వము నీయవు గాన మరలి వచ్చును. అలంకారశాస్త్రము చెప్పిన కార్యహేతుక ప్రవాసమున కతఁడే సరియైన లక్ష్యము. భార్యాపుత్రులతోఁ దరలి, యిల్లు కొని, యా దేశపుఁ బౌరుఁ డగువానియం దన్ననో, వలసశబ్దమే యెక్కువగా నన్వయించును. శబ్దము లర్థమును విడిచి యంతస్తును జెప్పుచున్నవి. సన్నాహమును గూర్చిన విమర్శ మీ రెండు పేళ్లను గలిపి చూచుటతో నారంభింపవలెను. ఏలయన నిద్దఱకును గావలసిన యెఱుక యొక్కటియే.

తెలుఁగుకావ్యములలో సన్నాహము లేని ప్రయాణమునకు మనుచరిత్రలోని ప్రవరుఁడు ప్రథమోదాహరణము. అరుణాస్పదపురమున నిత్యాగ్నిహోత్రియై యుండు నతనికిఁ దీర్థములను జూడవలెనను కోరిక చిరకాలముగా నున్నది. ఇంటికి వచ్చిన సిద్ధుని దేశములను గూర్చి యడిగెను. ఇంత చిన్నవయసున నన్నిచోటులకు నెట్లు పోఁగలిగితి వని సంశయించెను. పాదలేపమహిమ విని, దానిని బడసి, హిమాలయమునకుఁ బోయెను. అతఁ డడిగిన ప్రశ్నలు పోవుటను గూర్చినవి. మరలి వచ్చుటను గూర్చి యతఁ డడుగలేదు. లేపము మంచునకు నిలుచునా, కరఁగినచో వేఱు సాధన మేది యని విచారింపలేదు. మంచు లేపమును గరఁగించెను; పోయిన పాదములు పోయినచోటనే నిలిచెను. పెద్దన యీ లోపమును గథాసౌకర్యమునకై దాఁచిపెట్టలేదు. త్రోవ తెలియక తిరుగుచున్న ప్రవరునిచేతనే యతని పొగరును నిందింపఁజేసెను. పండితు లీ ఘట్టమున వరూధినీప్రవరుల సంవాదమును మెచ్చినంతగా నీ యాత్మనిందను బరిశీలింపలేదు.

పోవు సాధనమే మరలు సాధనము గాదనునది కావ్యములు చెప్పు మొదటి సంగతి. అరబుదేశములలోఁ గఫాలా యను పద్ధతి చిరకాలము నడచినది. దాని ప్రకారము పనికిఁ బిలిచిన యజమానుఁడే, అనఁగాఁ గఫీలే, పనివాని నివాసమునకుఁ బూచీదారుఁడు. పెక్కుచోట్ల నతని సమ్మతి లేక పని మాఱుటకును, దేశము విడుచుటకును వీలుండెడిది కాదు. 2018 తరువాత ఖతరును, 2021లో సౌదీ అరేబియాయు నీ నిర్బంధమును గొంత సడలించినవి. వీసా చేతికి వచ్చినంతనే ప్రయాణము సిద్ధించిన దని తలంచు యువకుఁడు పాదలేపమును జూచి సంతసించిన ప్రవరుని వంటివాఁడే. ప్రవరుని చివర కగ్నిదేవుఁడు కాపాడెను. అది యతని నిత్యానుష్ఠానఫలము. పరదేశమునఁ జిక్కినవాఁ డెల్ల నట్టి రక్షణను నమ్ముకొని పోరాదు.

రెండవ సంగతి శాకుంతలమునఁ గలదు. నాటకమునఁ జతుర్థాంకము శ్రేష్ఠమని రసికు లందురు. ఆ యంకమంతయు సన్నాహమే. వనదేవతలు వస్త్రాభరణముల నిత్తురు, చెలికత్తె లలంకరింతురు, కణ్వుఁడు గృహిణీధర్మము నుపదేశించును, తోడుగా గౌతమియు శిష్యులును బయలుదేఱుదురు. ఇంత సన్నాహమున నొక్కటి లోపించినది. దుర్వాసుని శాపమును గూర్చి శకుంతలకుఁ దెలియదు. అది విన్నవారు చెలికత్తె లిద్దఱే. స్వభావసుకుమారి యైన చెలికి నొప్పి కలుగు నని వారు దానిని దాఁచిరి. పయనమగు నిమిషమున మాత్రము, రాజు గుర్తింప జాగు చేసినచో నుంగరమును జూపు మని చెప్పిరి. ఎందు కని యామె కంపింపఁగా, స్నేహ మట్లే శంకించు ననిరి. ఆ యుంగరము శక్రావతారమున శచీతీర్థజలమునకు మ్రొక్కునపుడు జాఱిపోయెను. దాని విలువ తెలిసి యున్నచో నామె వ్రేలిని గాపాడుకొనకుండునా?

ఇచ్చట విమర్శకుఁడు గమనింపవలసిన దొకటి గలదు. ఈ లోపమునకు దుష్టు లెవ్వరును గారణము గారు. చెలికత్తెలు దయచేతనే దాఁచిరి. కణ్వుఁడు తనకుఁ దెలిసిన దంతయుఁ జెప్పెను. తెలియవలసినది మాత్ర మతనికిఁ దెలియదు. సన్నాహము ద్రోహముచేతనే చెడు నని తలంచుట పొరపాటు. ఆశ చూపి సొమ్ము గుంజు దళారులు లోకమునఁ గలరు; వారిని నిందించుట సులభము. కాని యింటివారు ప్రయాణపు టప్పుయొక్క నిజమైన మొత్తమును దాఁచుదురు. ముందు పోయినవాఁడు తన కష్టమును జాబులలోఁ జెప్పఁడు. వచ్చినపుడు బంగారమును జూపును, గదిని జూపఁడు. ఇవన్నియుఁ బ్రేమవలనఁ గలిగిన మౌనములే. శాకుంతలమున నభిజ్ఞానము పోవుట కెంత దోష ముండునో, దాని ప్రయోజనము చెప్పకుండుటకు నంత దోష ముండును. నేఁటి పాస్‌పోర్టును, ఒప్పందపుఁ బత్రమును నట్టి యభిజ్ఞానములే. వాని నకళ్లను వేఱుగా నింట నుంచవలెనని, వాని నితరుల కప్పగింపరాదని చెప్పువారు లేనిచో నవి శచీతీర్థమునఁ జేరినవే యగును.

మూఁడవ సంగతి మేఘసందేశమున విధిరూపమున నున్నది. యక్షుఁడు మేఘమునకు మొదట మార్గమును జెప్పి, పిదపనే సందేశమును జెప్పును. ఏ కొండమీఁద విశ్రమింపవలెనో, ఏ యేటినీరు త్రాగవలెనో, ఉజ్జయినికై త్రోవ వంకర యైనను నేల పోవలెనో వివరించును. అలకాపురి చేరిన పిదప నిల్లు గుర్తుపట్టుటకుఁ గుబేరభవనమున కుత్తరపు దిక్కు, మందారవృక్షము, మరకతసోపానములు గల దిగుడుబావి, ద్వారముపైఁ జిత్రింపఁబడిన శంఖపద్మములు అని యానవాళ్లను వరుసగాఁ జెప్పును. సంస్కృతకావ్యములలో నింత నిండైన ప్రయాణోపదేశము మఱియొకటి యరుదు. అదియు నొక యచేతనమైన మేఘమున కీయఁబడుట వింత. ఈ యుపదేశ మంత యుపయుక్త మగుటకుఁ గారణము స్పష్టము. యక్షుఁ డా యూరివాఁడు. ఆ యింట నున్నవాఁడు. పోయి యుండి వచ్చినవాని మాటయే మార్గమునకుఁ బ్రమాణ మని కాళిదాసు మతము.

ఆచారములును సన్నాహమును మఱవలేదు. శుభముహూర్తమునఁ బయనింప వీలు లేనివాఁడు తన వస్తువు నొకదానిని మఱియొకరి యింటికిఁ బంపి ప్రస్థానము చేయును. రామదైవజ్ఞుని ముహూర్తచింతామణిలో దీనికి నియమములు గలవు. ప్రస్థాన ముంచిన పిదప రాజు 10 దినములు, సామంతుఁడు 7 రాత్రులు, ఇతరులు 5 రాత్రులు మించి యొకచోట నిలువరాదు. మించినచో మరల ముహూర్తము చూడవలెను. ఇది కేవలము మూఢాచార మని త్రోసివేయుట తగదు. మనసు సగము బయలుదేఱినవాఁ డింట నుండి చూచుకొనుట కిచ్చిన గడువది. మఱచినది తోఁచినచోఁ దెచ్చుకొనవచ్చును. నేఁడు వీసా గోరువారు మొయినాబాదు మండలమునందలి చిలుకూరు బాలాజీ దేవాలయమున 11 ప్రదక్షిణములు చేసి, కోరిక యీడేఱిన పిదప 108 ప్రదక్షిణములు చేయుదురు. భక్తిని విమర్శించుట యీ వ్యాసమునకు విషయము గాదు. కణ్వాశ్రమమునను మంగళాచారములకుఁ గొఱఁత లేదు. కొఱఁత యున్నది తెలియఁజెప్పుటయందే.

ఇట్లు కావ్యములలోఁ జెదరియున్న విషయమును వచనమున నొకచోఁ గూర్చినవాఁ డేనుగుల వీరాస్వామయ్య. మదరాసు సుప్రీము కోర్టునందు ఇంటర్‌ప్రిటరుగా నుండిన యతఁడు 1830 మే 18వ తేదీన బయలుదేఱి, హైదరాబాదు మీఁదుగాఁ గాశికిఁ బోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీన మదరాసు చేరెను. కాశీయాత్రచరిత్ర 1838లో ముద్రింపఁబడెను. 1941లో దిగవల్లి వేంకట శివరావు దానిని మరలఁ బరిష్కరించి ప్రకటించెను. మజిలీమజిలీకి నంగళ్లు గలవా లేవా, నీరెట్టిది, బాట యెట్టిది, ఏ రాజ్యమున నే నాణెము చెల్లును అను సంగతుల నతఁడు వ్రాసెను. గ్రాంథికభాషాప్రియు లా గ్రంథమున వ్యాకరణవిరుద్ధప్రయోగములను జూపుదురు. ప్రయోగములు గలవు, కాని యర్థసందేహము మిక్కిలి యరుదు. బాటసారికి వ్రాసిన వాక్యమునకు శబ్దశుద్ధికంటె నర్థవ్యక్తి ముందుగాఁ గావలె నని యీ గ్రంథమే నిరూపించుచున్నది. అయితే యతనిది యాత్ర. మరలివచ్చుట దానిలో నిమిడియే యున్నది. బ్రతుకుఁదెరువునకై పోవువాని కట్టి గ్రంథము తెలుఁగున నంత ప్రసిద్ధముగా నేర్పడలేదు.

ఏర్పడని దానికి ఫల మెట్లుండెనో యొక్క శబ్దము చెప్పును. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో యను నోడ మదరాసునుండి దర్బానురేవు చేరెను. అట్టి యోడలలోఁ దెలుఁగువారును గలరు. 1903 మొదలు 1916 వఱకు మదరాసునుండి ఫిజీకిఁ గూలీలు పోయిరి. వారు వ్రేలిముద్ర వేసిన యొప్పందమునకు ఇంగ్లీషున అగ్రిమెంటు అని పేరు. ఆ శబ్దము కూలీల నోట గిర్మిట్ ఆయెను. పిదప వారికే గిర్మిటియా లని పేరు వచ్చెను. అర్థము కాని పత్ర మా జనసమూహమునకే పేరైనది. తద్భవశబ్దములలో నింత దుఃఖము నిండిన దరుదు.

నేఁడు నియమములు లేకపోలేదు. 1983లోఁ జేయఁబడిన వలసచట్టము ననుసరించి, పదవతరగతి యుత్తీర్ణులు గానివారు గల్ఫు మున్నగు 18 దేశములకుఁ గూలికిఁ బోవునపుడు వలససంరక్షకుని యనుమతి పొందవలెను. ఏజెంటు తీసికొనఁదగిన రుసుమునకు 2017లో 30,000 రూపాయల పరిమితి యేర్పడెను. ప్రవాసీ భారతీయ బీమా యోజనలో 10 లక్షల రూపాయల బీమా గలదు. కొఱఁత భాషయందున్నది. పాస్‌పోర్టుమీఁద హిందీ, ఇంగ్లీషు గలవు, తెలుఁగు లేదు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్సు ప్రభుత్వము 2016లో, ఉద్యోగపత్రమును బనివాని భాషలోఁ జూపవలెనని నియమించి 11 భాషల నంగీకరించెను. హిందీ, ఉర్దూ, తమిళము, మలయాళము, వంగభాష, నేపాలీ, సింహళము అందుఁ గలవు. తెలుఁ గందు లేదు.

పత్రములలోఁ దెలుఁగు లేనపుడు త్రోవలలోఁ బుట్టిన తెలుఁగే శరణ మగును. ఆ తెలుఁగులోఁ గొన్ని పదములు మోసము చేయును. ఆజాదు వీసా యను మాట యిందులకుఁ దార్కాణము. ఆజాదనఁగా స్వతంత్రము, ఏ యజమానునొద్దనైనఁ బని చేయవచ్చునని విన్నవాఁ డనుకొనును. చట్టమున నట్టి వీసా లేదు. ఒకరి పేరఁ దెచ్చిన వీసాతో నింకొకరియొద్దఁ బని చేయుట కది వ్యవహారమున నిచ్చిన పేరు. ఆ పని బయటపడినపుడు శిక్ష పనివానిదే. అకామా యనఁగా నివాసపుఁ జీటి. యజమానుని విడిచి పత్రములు లేక తిరుగువాఁడు ఖల్లివల్లి. జగిత్యాల ప్రాంతపుఁ బల్లెలలో నీ పదములు స్త్రీబాలురకును బరిచితములు; నిఘంటువులలోఁ బ్రవేశింపలేదు. మఱియొక పదము తనకుఁ దానే చెడినది. నూఱేండ్లకుఁ బూర్వము రహదారి యనఁగా బాటసారిని నాపక పోనిచ్చు ననుమతిపత్రము. నేఁడు పెద్దబాటకే యా పేరు. పాస్‌పోర్టునకుఁ దగిన పదము తెలుఁగున నుండెడిది; పత్రము పోయి బాట మిగిలినది.

కావ్యప్రయోజనము రసమే గాని బాటసారి కుపదేశము గాదని యొకరు పూర్వపక్షము చేయవచ్చును. మమ్మటుఁడు కాంతాసమ్మితమైన యుపదేశమును గావ్యప్రయోజనములలోఁ జేర్చెను గాన నా పూర్వపక్షము నిలువదు. ప్రవరుఁడు మరలు త్రోవ నడిగినచోఁ గథయే యుండదని మఱియొకరు చెప్పవచ్చును. నిజమే, శకుంతల కుంగరపు విలువ తెలిసినను నాటక ముండదు. కావ్యమునకుఁ దెలియమి బీజము; లోకమున నదియే యనర్థమునకు బీజము. కవి దానినుండి రసమును దీయును. పండితుఁ డా తెలియమిని లోకమునఁ దొలఁగింప యత్నింపవలెను. ఈ రెండు పనులకును విరోధము లేదు.

కాఁబట్టి ప్రయాణసన్నాహమును గూర్చి తెలుఁగున వచ్చు నే రచననైనను, కరపత్రము మొదలు నవలవఱకు, మూఁడు ప్రశ్నలతోఁ బరీక్షింపవలెను. మరలి వచ్చు త్రోవ చెప్పినదా? చేతనుండు పత్రము విలువను దెలిపినదా? పోయి వచ్చినవాని సాక్ష్యముపై నిలిచినదా? వీనిలో నొక్కటి లేనిచో నా రచన యెంత మధురమైనను జతుర్థాంకపు టాభరణములలోఁ జేరును. పండితులును బాఠశాలోపాధ్యాయులును జేయఁదగిన పని యొకటి గలదు. మామిడిపల్లి మీఁదుగాఁ బోయి వచ్చినవారి నోట నున్న కఫీల్, అకామా, ఆజాదు వంటి పదముల నన్నిటిని సేకరించి, ప్రతిపదమునకును జట్టముచేఁ గల యర్థమును, వ్యవహారముచేఁ గల యర్థమును వేఱువేఱుగా వ్రాసి, యొక చిన్న నిఘంటువును గూర్పవలెను. శబ్దార్థనిర్ణయము వైయాకరణుల సహజధర్మము. పదవతరగతి చదువనివాఁడు చదివించుకొని వినినను దెలియునట్లు దాని వాక్యము లుండవలెను.